పాత ట్యూబ్ గిటార్ యాంప్లిఫయర్ కొంటున్నారా? పేరు కన్నా లోపలి స్థితి ముఖ్యం

సూరత్ రింగ్ రోడ్డు దేశంలోని పెద్ద వస్త్ర విపణులలో ఒకటి. సహారా దర్వాజా, ఉధనా దర్వాజా వంటి కూడళ్ళను కలుపుతూ సాగే ఈ మార్గంలోని బహుళ అంతస్తుల మార్కెట్లలో చీరలు, డ్రెస్ మెటీరియల్ టోకు వ్యాపారం జరుగుతుంది. ఆ బట్ట వెనుక తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్ళి అక్కడే స్థిరపడిన నేత కుటుంబాల శ్రమ కూడా ఉంది. సరుకు ఎరిగిన వ్యాపారి పైనున్న ముద్ర చూసి బట్ట కొనడు. మడత విప్పి, వెలుతురుకు పట్టి, పడుగూ పేకా చూసిన తర్వాతే ధర మాట్లాడతాడు. అర్ధ శతాబ్దం దాటిన గిటార్ ట్యూబ్ యాంప్లిఫయర్‌ను కొనదలచినవారికీ ఆ చూపే కావాలి. ముందు పలకపై ఉన్న ప్రసిద్ధమైన పేరు ధరను పెంచుతుంది. ఆ యంత్రం ఎంతకాలం పనిచేస్తుంది, తాకినవారి ప్రాణానికి ముప్పు ఉందా లేదా అన్న ప్రశ్నలకు మాత్రం జవాబు లోపల వెదకవలసిందే.

ఈ యంత్రాల సేకరణ ప్రధానంగా అమెరికా, బ్రిటన్‌లలో పెరిగిన అభిరుచి. మన దేశంలో ఇవి విదేశాల నుంచి తిరిగి వచ్చేవారి సామానుతోనో, మూతపడిన ఆర్కెస్ట్రా బృందాల నుంచో, అంతర్జాల విక్రేతల ద్వారానో చేతులు మారుతుంటాయి. కొనుగోలుకు ముందు తెలుసుకోవలసిన అంశాలను పరిశీలిద్దాం.

ట్యూబ్ పనిచేసే తీరు

ట్యూబ్ అన్నా, వాల్వు అన్నా ఒకటే. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో ఒక ఫిలమెంట్ వేడెక్కుతుంది. ఆ వేడికి కేథోడ్ నుంచి వెలువడిన ఎలక్ట్రాన్లు అధిక వోల్టేజిలో ఉన్న ప్లేటు వైపు ప్రవహిస్తాయి. మధ్యలో ఉండే గ్రిడ్ అనే సన్నని తీగ చుట్ట ఆ ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. గ్రిడ్‌కు అందే చిన్న సంకేతం ప్లేటు వద్ద పెద్ద సంకేతంగా మారుతుంది. 1904లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడ్ల వాల్వును రూపొందించగా, 1906లో లీ డి ఫారెస్ట్ దానికి మూడవ ఎలక్ట్రోడ్‌ను జోడించాడు. రేడియో ప్రసారానికీ, ధ్వనివర్ధనానికీ దారి అక్కడే తెరుచుకుంది.

విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైన 1948 నాటికి ఇంట్లో ఉండే రేడియో అంటే వాల్వు రేడియోయే. స్విచ్ వేసిన తర్వాత వాల్వులు వేడెక్కే దాకా శ్రోత కాసేపు ఆగవలసి వచ్చేది. టూరింగ్ టాకీసుల్లో మాట వినిపించినదీ వాల్వు యాంప్లిఫయర్లే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టిన ట్రాన్సిస్టర్ కొన్ని దశాబ్దాల్లో ఈ గాజు బుడ్లను దాదాపు అన్ని గృహోపకరణాల నుంచి తొలగించింది. ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు మాత్రం వాటిని వదులుకోలేదు.

లోపమే అలంకారమైన వేళ

ఇంట్లో పాటలు వినే యాంప్లిఫయర్ అందిన ధ్వనిని మార్చకుండా పెద్దది చేయాలి. గిటార్ యాంప్లిఫయర్ పని వేరు. అది వాద్యంలో సగభాగం. వాల్వును దాని శక్తికి మించి నడిపినప్పుడు ధ్వని తరంగపు కొన ఒక్కసారిగా తెగినట్లు కాక క్రమంగా అణుగుతుంది. ఆ అణుగుదలలో మూల స్వరానికి అనుస్వరాలు తోడవుతాయి. మెల్లగా మీటితే స్వచ్ఛంగానూ, గట్టిగా మీటితే గరుకుగానూ పలుకుతుంది. వాయించేవారి చేతి ఒత్తిడికి యంత్రం స్పందిస్తున్నట్లు అనిపించడానికి కారణం ఇదే.

దీనికి మరో అంశం తోడవుతుంది. అనేక పాత యాంప్లిఫయర్లలో ఏసీ విద్యుత్తును డీసీగా మార్చే పని కూడా వాల్వుదే. గట్టిగా మీటిన క్షణంలో దాని వోల్టేజి కాస్త కుంగి, మళ్ళీ పుంజుకుంటుంది. స్వరం మొదట నొక్కినట్లయి తర్వాత విచ్చుకుంటుంది. ఇంజనీరు దృష్టిలో ఇది లోపం. వాద్యకారునికి అది గమకం వంటిది.

రేడియో మరమ్మతు దుకాణం నుంచి

ఈ చరిత్రలో ముఖ్యుడైన లియో ఫెండర్ సంగీతకారుడు కాదు, రేడియో మెకానిక్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1938లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచాడు. 1946లో ఫెండర్ సంస్థను స్థాపించాడు. వాల్వు తయారీదారులు ప్రచురించిన నమూనా సర్క్యూట్ల పునాదిపై, రాత్రికి రాత్రి మరమ్మతు చేసి మర్నాడు వేదికపై పెట్టగలిగినంత సరళంగా యాంప్లిఫయర్లు నిర్మించాడు.

బ్రిటన్‌లో టామ్ జెనింగ్స్ సంస్థ వాక్స్ పేరుతో 1958లో ఏసీ15ను తెచ్చింది. తర్వాత వచ్చిన ఏసీ30 బీటిల్స్ బృందం వాడకంతో ప్రసిద్ధమైంది. లండన్ పశ్చిమ ప్రాంతమైన హాన్వెల్‌లో వాద్యాల దుకాణం నడిపిన డ్రమ్ముల కళాకారుడు జిమ్ మార్షల్ 1962లో జేటీఎం45ను తయారు చేయించాడు. దాని సర్క్యూట్ ఫెండర్ బాస్‌మన్‌కు చాలా దగ్గర. అయితే వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు మారడంతో పలుకు కూడా మారింది. ఒకే గీతపటం మీద కట్టిన రెండు యంత్రాలు వేర్వేరుగా వినిపించగలవనడానికి ఇది మంచి నిదర్శనం.

ఫెండర్ యాంప్లిఫయర్ల కాలాన్ని సేకర్తలు రూపాన్ని బట్టి గుర్తుపడతారు. 1950ల పెట్టెలకు ట్వీడ్ అనే నేత వస్త్రం తొడుగు. 1960 ప్రాంతంలో గోధుమ రంగు పలకలు, 1963 నుంచి నల్ల పలకలు, 1968 ప్రాంతం నుంచి వెండి రంగు పలకలు వచ్చాయి. 1965 జనవరిలో సీబీఎస్ సంస్థ దాదాపు 1 కోటి 30 లక్షల డాలర్లకు ఫెండర్‌ను కొన్నది. దానికి ముందు తయారైనవి మేలైనవన్న భావన బజారులో బలంగా ఉంది. నిజానికి యాజమాన్యం మారిన మర్నాడే సర్క్యూట్ మారలేదు. తొలి వెండి పలకల యంత్రాల్లో కొన్ని నల్ల పలకల వాటికి ఎంతో సన్నిహితం. వాయించడానికి కొనేవారికి తక్కువ ధరలో మంచి యంత్రం దొరికే చోటు ఇదే.

మన దేశపు వాల్వులు

ఈ కథలో భారతదేశానికీ భాగం ఉంది. రక్షణ శాఖ కింద 1954లో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్, ఫిలిప్స్ సహకారంతో 1961 నుంచి బెంగళూరులో రేడియో వాల్వులు తయారు చేసింది. గిటార్ యాంప్లిఫయర్లలో విరివిగా వాడే ఈసీసీ83, ఈఎల్84 రకాలు కూడా అక్కడ తయారయ్యాయి. బీఈఎల్ ముద్రతో వాడకుండా మిగిలిపోయిన పాత వాల్వులను విదేశాల సేకర్తలు సైతం వెదుకుతుంటారు. ప్రస్తుతం ఈ రకాల తయారీ ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనాలలో జరుగుతోంది.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, జుమ్మేరాత్ బజారులోనూ పాత విద్యుత్ సామాను అమ్మకానికి వస్తుంది. అటువంటి చోట పాత వాల్వు రేడియో కనిపిస్తే దాని వెనుక గ్రామఫోను తగిలించే సాకెట్ ఉందేమో చూడవచ్చు. అందులోకి గిటార్ సంకేతాన్ని పంపితే రేడియోయే మూడు నాలుగు వాట్ల చిన్న యాంప్లిఫయర్ అవుతుంది. గిటార్ సంకేతం బలహీనం గనుక ముందు ఒక చిన్న ప్రీయాంప్లిఫయర్ అవసరమవుతుంది.

ఇక్కడొక తీవ్రమైన హెచ్చరిక ఉంది. ఏసీ, డీసీ రెండింటిపై నడిచేలా చేసిన పాత రేడియోలలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఇంటి విద్యుత్తు నేరుగా లోహపు చాసీకే చేరవచ్చు. వాటికి గిటార్ తగిలిస్తే తీగలే విద్యుత్ తీగలవుతాయి. వాల్వుల పేర్లలో తొలి అక్షరం దీనికి ఒక ఆనవాలు. యూసీఎల్82, యూఎల్84 వంటి 'యూ' వరుస వాల్వులున్న రేడియోను గిటార్‌కు వాడే ఆలోచనే మానుకోవాలి. 'ఈ' వరుస వాల్వులున్నా, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదీ లేనిదీ మెకానిక్ నిర్ధారించాకే ముందుకు వెళ్ళాలి.

ఎన్ని వాట్లు కావాలి?

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వంద వాట్ల యంత్రం పది వాట్ల యంత్రానికి పది రెట్లు పెద్దగా వినిపించదు. చెవికి సుమారు రెట్టింపుగా అనిపిస్తుంది. అంటే పది వాట్ల ట్యూబ్ యాంప్లిఫయర్ కూడా ఇంటి గదికి మించినదే. పైగా, పైన చెప్పుకున్న మధురమైన గరుకుదనం యంత్రాన్ని దాని పరిమితి దాకా నడిపినప్పుడే వస్తుంది. వంద వాట్ల యంత్రాన్ని అపార్టుమెంటులో ఆ స్థాయికి తెస్తే ఇరుగుపొరుగులు ఊరుకోరు. తేకపోతే దానిని కొన్న ప్రయోజనం నెరవేరదు.

గదిలో సాధనకు అయిదు వాట్లు, చిన్న వేదికకు 15 నుంచి 22 వాట్లు సరిపోతాయి. ఒక 6వీ6 వాల్వు గానీ, ఒక ఈఎల్84 గానీ ఉన్న యంత్రం మొదటి కోవకు చెందుతుంది. అవే రెండేసి ఉన్నవి రెండవ కోవలోకి వస్తాయి. ఈఎల్34, 6ఎల్6 వాల్వుల పెద్ద యంత్రాలు పెద్ద వేదికల కోసం పుట్టినవి. వాటి బరువూ లెక్కలోకి తీసుకోవాలి. రెండు 12 అంగుళాల స్పీకర్ల ఫెండర్ ట్విన్ రివర్బ్ సుమారు 30 కిలోలు ఉంటుంది. లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తుకు దానిని మోయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

వయసు చెప్పే అంకెలు

పై తొడుగును కొత్తగా వేయవచ్చు. ముందు పలకను మార్చవచ్చు. వయసును నమ్మదగినంతగా చెప్పేవి లోపలి భాగాలపై ఉన్న అంకెలు. అమెరికన్ యంత్రాలలో వాల్యూమ్, టోన్ నాబ్‌ల వెనుక ఉండే పొటెన్షియోమీటర్లపై తయారీదారు సంఖ్య, సంవత్సరం, వారం వరుసగా ముద్రించి ఉంటాయి. ఉదాహరణకు 1376432 అని ఉంటే, 137 అనేది సీటీఎస్ సంస్థ సంఖ్య. మిగిలిన అంకెలు 1964వ సంవత్సరం 32వ వారాన్ని సూచిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్లపై 606తో మొదలయ్యే సంఖ్య షూమేకర్ సంస్థది. స్పీకర్లపైనా ఇటువంటి గుర్తులు ఉంటాయి.

వీటిని చదివేటప్పుడు ఒక నియమం గుర్తుంచుకోవాలి. భాగాలను కర్మాగారాలు ముందే కొని నిల్వ ఉంచుకొనేవి. కాబట్టి యంత్రం ఆ అంకెల కన్నా పాతది కాజాలదు, కొత్తది కావచ్చు. ఒక్క భాగం తేదీ మిగిలిన వాటికి చాలా దూరంగా ఉంటే అది తర్వాత మార్చినదని అనుమానించాలి. విక్రేత 1964 నాటిదని చెబుతుండగా నాబ్‌ల వెనుక 1967 కనిపిస్తే, యంత్రమే ఆ కాలానిదా, భాగాలు మార్చారా అన్నది తేలేదాకా ధర మాట్లాడకూడదు.

మార్పులన్నీ విలువను తగ్గించవు. వాల్వులు అరిగిపోయే భాగాలు. వాటిని మార్చడం సహజం. పాత మెకానిక్కులు కండెన్సర్లనే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు కాలక్రమంలో ఎండిపోతాయి. వాటిని మార్చడం మరమ్మతే తప్ప వికృతం చేయడం కాదు. రెండు పిన్నుల వైరు తీసి ఎర్తు ఉన్న మూడు పిన్నుల వైరు వేయడమూ అంతే. విలువను నిజంగా తగ్గించేవి వేరే ఉన్నాయి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మారడం, అసలు స్పీకర్ పోవడం, కొత్త స్విచ్‌ల కోసం చాసీకి రంధ్రాలు వేయడం, సర్క్యూట్‌ను ఇష్టానుసారం మార్చడం అటువంటివి. 'అన్నీ అసలు భాగాలే, ఎప్పుడూ విప్పలేదు' అన్న మాట గొప్పగా వినిపిస్తుంది. 60 ఏళ్ళ నాటి కెపాసిటర్లు ఇంకా లోపల ఉన్నాయన్నదే ఆ మాటకు అసలు అర్థం. మరమ్మతు ఖర్చును ధరలోంచి తగ్గించి బేరమాడాలి.

విద్యుత్తు, తేమ, వరద

అమెరికన్ యంత్రాలు 117 నుంచి 120 వోల్టులకూ, 60 హెర్ట్‌జ్‌కూ తయారైనవి. మన ఇళ్ళలో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్. నేరుగా తగిలిస్తే ఫ్యూజు పోవడంతో ఆగవచ్చు, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. తగిన సామర్థ్యం గల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యాంప్లిఫయర్ వెనుక రాసి ఉన్న వినియోగానికి రెట్టింపు సామర్థ్యం ఉన్నది ఎంచుకోవడం క్షేమం. చౌకగా దొరికే ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు వోల్టేజిని తగ్గిస్తాయే గానీ మెయిన్స్ నుంచి వేరుచేయవు. 60 హెర్ట్‌జ్‌కు మాత్రమే రూపొందించిన ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్‌జ్ వద్ద మరింత వేడెక్కుతుందన్నదీ గమనించాలి. విదేశీ ఎగుమతి కోసం పలు వోల్టేజీల ట్రాన్స్‌ఫార్మర్‌తో తయారైన యంత్రాలూ, బ్రిటిష్ యంత్రాలూ ఈ విషయంలో మనకు అనుకూలం.

సూరత్ వంటి తీరానికి చేరువైన నగరాల్లో తేమ మరో సమస్య. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలలోకి తేమ చేరితే ఇన్సులేషన్ బలహీనపడుతుంది. వాల్వు సాకెట్లకు చిలుము పడుతుంది. స్పీకర్ కాగితానికి బూజు పడుతుంది. 2006 ఆగస్టులో తాపీ నది వరద సూరత్ నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. అటువంటి వరదను చూసిన ఊరిలో పాత యంత్రం కొనేటప్పుడు అది నీటిలో మునిగిందా అని అడగడం సహజమైన జాగ్రత్త. పెట్టె అడుగు చెక్క ఉబ్బి ఉండడం, తొడుగు వస్త్రంపై నీటి చార, చాసీ మూలల్లో ఒండ్రు, మరలపై సమానంగా పట్టిన తుప్పు వంటివి మునిగిన ఆనవాళ్ళు. తొడుగు మాత్రమే కొత్తగా ఉండి లోపలి మరలు తుప్పుపట్టి ఉంటే మరింత అనుమానించాలి.

ప్రాణాలకు సంబంధించిన మాట

ట్యూబ్ యాంప్లిఫయర్ లోపల 300 నుంచి 500 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉండవచ్చు. శిక్షణ లేనివారు చాసీని విప్పి చేయి పెట్టరాదు.

రెండు పిన్నుల వైరుతో వచ్చిన పాత అమెరికన్ యంత్రాలలో మెయిన్స్‌కూ చాసీకీ మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది. అది షార్ట్ అయితే విద్యుత్తు చాసీ ద్వారా గిటార్ తీగలకు చేరుతుంది. వాద్యకారుడు ఒక చేత్తో తీగలు, మరో చేత్తో మైకు పట్టుకున్నప్పుడు రెండింటి మధ్య వోల్టేజి తేడా ఉంటే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఎర్తు లోపం ఎంత ఘోరం చేయగలదో చెప్పే ఘటన 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో జరిగింది. స్టోన్ ది క్రోస్ బృందం గిటార్ కళాకారుడు లెస్లీ హార్వీ సరైన ఎర్తు లేని మైకును తాకి వేదికపైనే ప్రాణాలు కోల్పోయాడు. యంత్రం ఎంత అపురూపమైనదైనా ముందు ఆ కెపాసిటర్‌ను తొలగించి, మూడు పిన్నుల వైరు వేయించి, ఇంటి ఎర్తు నిజంగా పనిచేస్తున్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి.

కొనే ముందు చేయవలసిన పరీక్షలు

* చాలా ఏళ్ళుగా వాడని యంత్రాన్ని ఒక్కసారిగా ప్లగ్గులో పెట్టవద్దు. మెకానిక్ సమక్షంలో సిరీస్ ల్యాంప్ ద్వారా మొదలుపెట్టించాలి. బల్బు పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్లే.
* స్పీకర్ తగిలించకుండా ఎన్నడూ నడపరాదు. అలా నడిపితే అత్యంత విలువైన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినవచ్చు. స్పీకర్ ఓములు యంత్రంపై సూచించిన వాటితో సరిపోవాలి.
* వాయించకుండా ఉన్నప్పుడు గట్టిగా 'గూఁ'మనే ధ్వని వస్తే ఫిల్టర్ కెపాసిటర్లను అనుమానించాలి.
* దీపాలార్పి పవర్ వాల్వులను చూడాలి. ఫిలమెంట్ నారింజ కాంతి సహజం. బూడిద రంగు ప్లేటు ఎర్రబారితే వెంటనే ఆపివేయాలి.
* ప్రీయాంప్లిఫయర్ వాల్వును పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు గంటలా మ్రోగితే దానిని మార్చాలి. ఇది చిన్న ఖర్చు.
* కనీసం అరగంట వాయించాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ధ్వని కుంగినా, మాడు వాసన వచ్చినా ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపం ఉండవచ్చు.
* అంతర్జాలంలో విక్రేతలు కోరే ధరను కాక, నిజంగా అమ్ముడైన ధరలను చూడాలి.

మరమ్మతు చేసేవారు ఉన్నారా?

చివరి ప్రశ్నను చాలామంది కొన్న తర్వాత వేసుకుంటారు. ముందే వేసుకోవాలి. ఈ యంత్రాలలో చాలావాటి సర్క్యూట్ పటాలు అంతర్జాలంలో సులభంగా దొరుకుతాయి. భాగాలను చేతితో టంకం వేసి అమర్చారు గనుక దేనికది విడిగా మార్చవచ్చు. వాల్వులు ఇంకా తయారవుతున్నాయి. ఇన్ని అనుకూలతలున్నా, అధిక వోల్టేజితో భద్రంగా పనిచేయగల మెకానిక్కులు అరుదవుతున్నారు. వాల్వు రేడియోలు బాగుచేసిన తరం వృద్ధాప్యంలో ఉంది. ఆ విద్యను వారి దగ్గర నేర్చుకున్నవారు తక్కువ.

కాబట్టి యంత్రం కన్నా ముందు మెకానిక్‌ను వెదకడం మంచిది. ఊరిలో వాల్వు రేడియో బాగుచేయగల పెద్దలు ఉంటే వారికి పటం చూపి, బాగుచేయగలరేమో అడిగి, వీలైతే కొనుగోలు రోజున వెంట తీసుకువెళ్ళాలి. వారికిచ్చే రుసుము మొత్తం ఖర్చులో చిన్న భాగమే. ఆ సదుపాయం లేనిచోట 60 ఏళ్ళ నాటి ప్రసిద్ధ యంత్రం కన్నా, అదే సర్క్యూట్‌తో ఎర్తు, 230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సహా కొత్తగా తయారైన చిన్న ట్యూబ్ యాంప్లిఫయర్ వాయించేవారికి మేలైన ఎంపిక.